వేడినీళ్ళకి ఏ వేలు

జూలై 7, సోమవారం

మెడ నొప్పి. దండ బరువుకి కాదు. దండ వేసి అంబాజీపేట అంతా ఆటోలో తిప్పారు, ప్రతి కొట్టు ముందూ నమస్కారం పెట్టించారు. ఇప్పుడా దండ మా గుమ్మం పక్క మేకుకి వేలాడుతోంది. అప్పుడే చీమలు పట్టాయి.

గెలిచాం. రాసుకుంటే తప్ప నాకే నమ్మకం కుదరడం లేదు. కొబ్బరి ధర ఆకాశంలో ఉంది, కాయ వలిచేవాడి కూలి నేల మీదే ఉందని ఇన్నాళ్ళు మొత్తుకున్నా ఏ షావుకారుకీ వినబడలేదు. అందరం గునపాలు పీక్కుని ఇళ్ళకి పట్టుకుపోయాక వినబడింది. వలిచే గునపం నేలలో లేకపోతే కాయల రాశి అలాగే ఉంటుంది, లారీ అలాగే ఉంటుంది. పొద్దున్న పెద్ద కొట్టు గుమస్తా భుజం మీది తువ్వాలు తీసి నా వైపు చూశాడు.

ఎన్నిసార్లు చేసినా ఆ నిమిషం నాకు కొత్తే. తువ్వాలు కింద రెండు కుడిచేతులు. పైన మొహాలు మాత్రం వానల గురించి మాట్లాడుకుంటున్నట్టు ఉండాలి. వంద కాయలకి వేలుకో పది రూపాయలు. నా వేళ్ళు రెండు పట్టుకున్నాడు. తల అడ్డంగా ఊపాను. మూడు పట్టుకున్నాడు. నేను అతని చెయ్యంతా పట్టుకుని నొక్కాను. చివరికి నాలుగు పట్టుకుని, బొటనవేలు సగానికి వంచాడు. నాలుగున్నర. గట్టిగా ఒక నొక్కు నొక్కాను, అయిపోయింది. కాగితం లేదు, సంతకం లేదు. తువ్వాలు కింద ఇచ్చిన చెయ్యి వెనక్కి తీసుకోవడమన్నది మా నాన్న కాలం నుంచీ లేదు.

సంఘం ప్రెసిడెంటుగా నా చెయ్యికి ఇవాళ అంత విలువ వచ్చింది. చెట్టు మీంచి పడి, మోకాలు పోగొట్టుకుని, కాయలు దింపే పని మానేసి వలుపులోకి దిగిన మనిషికి ఇది తక్కువేం కాదు.

సాయంత్రం మా ఆవిడ బేబి రొయ్యల షెడ్డు వ్యాను దిగి వచ్చింది. దండ చూపించాను. "బాగుందండి" అంది. కాళ్ళు కడుక్కుని నడుం వాల్చింది. ఇంకొక్క మాట అంటుందేమోనని కాసేపు అక్కడే కూర్చున్నాను.

జూలై 9, బుధవారం

వాన. మోకాలు.

ఆవకాయ సీసా మూత బేబికి రాలేదు, నన్ను పిలిచింది. నాకు ఇట్టే వచ్చేసింది. వానాకాలం మూతలు అంతే, బిగుసుకుపోతాయి.

జూలై 11, శుక్రవారం

బేబి చెంచాతో అన్నం తింటోంది. "దొరసానిగారు ఎప్పుడు దిగేరు?" అన్నాను.

"కారం మండుతోందండి" అంది.

కారం నోటికి కదా మండాలి, చేతికేంటి అని నవ్వాను. ఆవిడ నవ్వలేదు. ఈమధ్య మనిషికి సరదా తెలియడం లేదు.

జూలై 12, శనివారం

పొద్దెక్కకుండానే బేబి తిరిగొచ్చేసింది. వ్యానులో కాదు, ఎవరిదో ఆటోలో. ఏమైందంటే "పని మానేసేమండి అందరం" అని మంచినీళ్ళు తాగింది.

ముక్కలు ముక్కలుగా చెప్పింది. నేను ఇక్కడ ఒక వరసలో పెడుతున్నాను. షెడ్డులో ఆడవాళ్ళు రోజంతా నిలబడి, ఐసు నీళ్ళ బేసిన్లలో చేతులు పెట్టి రొయ్యల తలలు తీస్తారు, పొట్టు వలుస్తారు. మూలన ఒక డ్రమ్ములో వేడినీళ్ళు ఉండేవి. వేళ్ళు కొయ్యబారితే వెళ్ళి ముంచుకునేవారు. కాంట్రాక్టరు వీరవెంకటరమణ గారు ఆ డ్రమ్ము తీసేయించాడు. గ్యాసు ఖర్చట, ఊరికే చేతులు ముంచుకుంటూ కాలక్షేపం చేస్తున్నారట. నిన్న అందరికన్నా పెద్దావిడ వీరమ్మ గారికి వేళ్ళు ముడుచుకుపోయి విచ్చుకోలేదు. పట్టుకున్న రొయ్య కింద పడేయడం కూడా రాలేదు. రమణ గారు నవ్వి, "ఇంక ఇంటి దగ్గరుండండి మామ్మగారూ, రేపట్నుంచి రావద్దు" అన్నాడట. ఇవాళ పొద్దున్న ఎవరో బేసిను బోర్లించారు. పక్కావిడ బోర్లించింది. అలా అన్నీ బోర్లించేసి బయటికొచ్చి గేటు దగ్గర కూర్చున్నారు.

"మా గునపాల్ని చూసి నేర్చుకున్నారన్నమాట" అన్నాను.

"ఆయ్" అంది.

"ముందు బోర్లించిందెవరు?"

"ఎవరో ఒకరు లెండి."

నేను వచ్చి మాట్లాడనా అని అడిగాను. "చూద్దారండి" అంది. నన్ను పిలుస్తారు, పిలవక ఎక్కడికి పోతారు?

జూలై 14, సోమవారం

పిలవలేదు. నేనే వెళ్ళాను.

ముమ్మిడివరం దాటాక, రోడ్డు పక్కన నీలం పట్టా కట్టుకుని కూర్చున్నారు. పట్టా మీద నీళ్ళు నిలిస్తే ఇద్దరు లేచి కర్రతో పైకి పొడిచి దింపుతున్నారు. వీరమ్మ గారు నన్ను చూసి "తాతారావు బాబుకి కుర్చీ వెయ్యండమ్మా" అన్నారు. కుర్చీ ఒక్కటే ఉంది. దాని మీద కూర్చున్నాయన కాంట్రాక్టరో కలెక్టరో అనుకోవాలి చూసినవాళ్ళు.

చెప్పాను. మా కొబ్బరివాళ్ళు ఎలా గెలిచిందీ, ముందు రేటు పట్టుకోవాలి, రేటు ఒకటి వస్తే మిగతావన్నీ దాని వెనకాలే వస్తాయి అనీ. ప్రతి మాటకీ "ఆయ్" అన్నారు. మా వైపు మర్యాద అలాంటిది. కాదనేటప్పుడు కూడా ముందు ఆయ్ అంటారు. ఆ సంగతి నాకు తెలుసు. ఇవాళ మాత్రం వాళ్ళు నిజంగానే ఔనంటున్నారనిపించింది.

బేబి వెనక వరసలో కూర్చుంది. ఒక్కసారి కూడా ఆయ్ అనలేదు.

జూలై 16, బుధవారం

నాకు వలుపు వారానికి మూడు రోజులకన్నా కుదరడం లేదు, మోకాలు ఒప్పుకోవడం లేదు. ఇల్లు గడిచేది బేబి కూలి మీదే. ఆ మాట ఇంట్లో మేం ఎప్పుడూ అనుకోం. ఇవాళ బియ్యం డబ్బాలో గ్లాసు అడుగుకి తగిలి చప్పుడైంది. ఇద్దరం విన్నాం, ఇద్దరం వేరే ఏదో మాట్లాడాం.

ఈ సమ్మె తొందరగా తేలాలి. ఆడవాళ్ళకి అలవాటు లేని పని. ఎవరో ఒకరు పూనుకోకపోతే ఆ పట్టా కిందే కార్తీకం వచ్చేస్తుంది.

జూలై 17, గురువారం

రమణ గారు కబురు చేస్తే ఐనవిల్లి వెళ్ళాను. గుడి రోడ్డులో కాఫీ హోటల్లో కూర్చున్నాం. కాఫీ బాగుంది. వచ్చేశాను.

జూలై 18, శుక్రవారం

నిన్న సగమే రాశాను. ఈ డైరీ నేను తప్ప ఎవరూ చదవరు, దీనికి కూడా మొహమాటమైతే ఎలా.

రమణ గారు చాలా మర్యాదగా మాట్లాడాడు. "ఆడోళ్ళతో నేనేం మాట్లాడతానండి, ఒకావిడ ఒకటంటది, ఇంకొకావిడ ఇంకోటంటది. తవరు పెద్దమనుషులు. కొబ్బరోళ్ళకి ఎంత ఇదిగా తెగ్గొట్టేరో అంబాజీపేటంతా చెప్పుకుంటన్నారు" అన్నాడు. అని తువ్వాలు తీశాడు. రొయ్యల వ్యాపారంలో తువ్వాలు లేదు. నా కోసమే తెచ్చుకున్నాడు, కొత్తది, ఇంకా గంజి వాసన పోలేదు. అది నేను గమనించాను. గమనించి కూడా నాకు గౌరవంగానే అనిపించింది.

కిలోకి వేలుకో రూపాయి అన్నాడు. రెండు పట్టుకున్నాడు, మూడు పట్టుకున్నాడు. నాలుగు వేళ్ళ దాకా లాగాను. ఆ షెడ్డులో ఎప్పుడూ ఎవరికీ ఒక్కసారే నాలుగు పెరగలేదు. నొక్కాను.

మంచి బేరం. ఎవరు చేసినా ఇంతకన్నా మంచి బేరం చేయలేరు. ఇంటికొచ్చేసరికి బేబి బట్టలు ఉతుకుతోంది. నీళ్ళల్లో ఉండగా చెప్పడమెందుకని ఊరుకున్నాను. రేపు చెబుతాను.

జూలై 19, శనివారం

బేబి పొద్దున్నే గేటు దగ్గరికి వెళ్ళిపోయింది. వచ్చేసరికి అలసిపోయి ఉంది. రేపు ఆదివారం, తీరుబడిగా చెబుతాను.

జూలై 20, ఆదివారం

చుట్టాలెవరూ రాలేదు, వాన లేదు, కరెంటు ఉంది. చెప్పలేదు.

జూలై 21, సోమవారం

నాకన్నా ముందు రమణ గారే చెప్పేశాడు.

నేను అక్కడ లేను. వీరమ్మ గారు వ్యానువాడి ఫోనులోంచి మాట్లాడితే తెలిసింది. రమణ గారు గేటు బయటికొచ్చి, "ఇంక లేవండమ్మా, అయిపోయింది. తాతారావు గారు గురువారం నాడే నాకు చెయ్యిచ్చేసేరు. బేబమ్మగారికి తెలీకుండా ఉంటాదా?" అన్నాడట. అందరూ బేబి వైపు తిరిగారట. నాలుగు రోజులుగా వాళ్ళతో కలిసి పట్టా మీది నీళ్ళు దింపుతున్న మనిషి, లోపల మొగుడు బేరం చేసుకుని కూర్చున్నాడని తెలిసి కూడా నోరు మెదపలేదన్నమాట. అలా అనుకుని ఉంటారు. నేనైనా అలాగే అనుకుందును.

"బేబి ఏమందండి?" అని అడిగాను.

"ఏమంటది నాయనా. నాకు తెలీదు పిన్నీ అంది. నేను నమ్మేను. అందరూ నమ్మేరో లేదో నాకు తెలవదు" అన్నారు వీరమ్మ గారు. ఫోను పెట్టేయబోతూ, "ముందు బేసిను బోర్లించింది అదేగా. నీకు చెప్పలేదా?" అన్నారు.

చెప్పలేదు.

సాయంత్రం వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. వంకాయ కూర చేసింది, నాకు వడ్డించింది. తను ఎదురుగా కూర్చుంది.

"నాలుగు వేళ్ళాండి?" అంది.

"నాలుగు బేబీ. ఆ షెడ్డు మొహానికి నాలుగంటే మాటలు కాదు. నువ్వు లెక్క వేసుకో..."

"వేడినీళ్ళకి ఏ వేలు పట్టుకున్నారండి?"

నాకు అర్థం కాలేదు.

"గ్లవుజులకి ఏ వేలండి? నిలబడి నిలబడి నడుం పోతంటే, స్టూలు వెయ్యమనడానికి ఏ వేలు? బాత్రూముకెళ్తానంటే మేస్త్రీ గడియారం చూస్తాడండి, దానికేది? ఈరమ్మ పిన్నిని మళ్ళీ పన్లోకి పిలవడానికి ఏదండి?"

కూర కలిపిన చెయ్యి అలాగే ఉంది నాది. అయిదు వేళ్ళూ ఉన్నాయి. తువ్వాలు కింద మా చేతులకి అంకెలు తప్ప ఇంకేమీ రావు. ఇన్నేళ్ళలో నాకు ఆ ఆలోచనే రాలేదు.

"మేం రేటు కోసం కూర్చోలేదండి. మీరు వచ్చేరు, కుర్చీలో కూర్చున్నారు, చెప్పేరు, వెళ్ళేరు. ఎందుకు కూర్చున్నారని ఒక్కసారి అడగలేదు."

అప్పుడైనా నోరు మూసుకోవాల్సింది. "ఇల్లు గడవొద్దా?" అని కేకేశాను.

"గడవాలండి. అందుకే గదండి చేతులు ఉండాలి" అంది. చెంచాతో రెండు ముద్దలు తిని లేచిపోయింది.

జూలై 22, మంగళవారం

మాటల్లేవు.

జూలై 23, బుధవారం

చెంచా. పన్నెండు రోజుల క్రితం నేను వేళాకోళం చేసిన చెంచా.

ఇవాళ బేబి కూర్చుని బియ్యం ఏరుతుంటే చూశాను. వేళ్ళ కొసలు తెల్లగా నాని, చారలు చారలుగా పగిలి, గోళ్ళ పక్క నల్లగా ఉన్నాయి. రాయి దొరికింది, తీసి పడేశాననుకుంది. మళ్ళీ అదే రాయి కోసం వెతుకుతోంది. రాయి చాటలోనే ఉండిపోయింది. వేళ్ళ మధ్య పట్టుకున్నానో లేదో చూస్తే తప్ప తెలియడం లేదావిడకి.

సీసా మూత బిగుసుకుపోలేదు. కారం నోటికి మండలేదు.

పాతికేళ్ళుగా ఇంకొకళ్ళ వేళ్ళు పట్టుకుని అవతలివాడి మనసులో ఏముందో చెప్పగలనని పేరు తెచ్చుకున్నాను. సిగ్గుగా ఉంది. ఇంకో మాట దొరకడం లేదు.

సాయంత్రం నతానియేలు వచ్చాడు. సంఘంలో నా తర్వాత వాడే, నన్ను బాబాయ్ అంటాడు. రమణ గారితో సంగతి వాడికి చెప్పి, చెయ్యి వెనక్కి తీసుకుంటానన్నాను.

"బాబాయ్, మీరు అక్కడ చెయ్యి వెనక్కి తీసుకుంటే పెద్ద కొట్టు గుమస్తా ఊరుకుంటాడాండి? తాతారావు చెయ్యికి విలువ లేదు, నాలుగున్నరా లేదు అంటాడు. మనోళ్ళు ఇప్పుడిప్పుడే పచ్చడి మెతుకుల్లోంచి కూరల్లోకి వచ్చేరు" అన్నాడు.

అదీ నిజమే. తీసుకుంటే మా వలుపు వాళ్ళ కూలి పోతుంది. తీసుకోకపోతే ఆ ఆడవాళ్ళ చేతులు పోతాయి. రెండు చోట్లా ఉన్నది నా ఒక్క చెయ్యే.

"అమ్మని అడిగేరా?" అన్నాడు వెళ్తూ. బేబిని అమ్మ అంటాడు వాడు.

అడగలేదు. ఏమని అడగను?

జూలై 24, గురువారం

కొట్టు ఆవరణలో అందర్నీ కూడమన్నాను. కాయల రాశి మీద, పీచు గుట్టల మీద కూర్చున్నారు. గుమస్తా కూడా గుమ్మంలో నిలబడ్డాడు. దాచకుండా చెప్పాను. ఎవరూ అడగకుండా ఎవరి తరఫునో చెయ్యిచ్చాను, రేపు వెనక్కి తీసుకుంటున్నాను, దీనివల్ల మీకు నష్టం రావచ్చు అని.

అనుకున్నట్టే గుమస్తా అందుకున్నాడు. "అలాగైతే ఇక్కడిచ్చిన చెయ్యి మాత్రం నిలబడతాదని మా షావుకారు ఎలా నమ్ముతారండి?"

కలకలం లేచింది. ఒకడు నన్ను అనరాని మాటే అన్నాడు, వాడి పేరు రాయను, వాడింట్లో చిన్నపిల్లలు ముగ్గురు. నేను కింద చూస్తూ నిలబడ్డాను. అప్పుడు నతానియేలు లేచాడు.

"చెయ్యి బాబాయిదండి. కూలి మాది" అన్నాడు. "ఆ చెయ్యి మీద నమ్మకం లేకపోతే ఇంకో చెయ్యి తీసుకోండి. గునపాలు ఇంకా మా ఇళ్ళకి దూరం కాలేదండి."

లారీ సగం నిండి ఉంది. గుమస్తా లారీ వైపు చూశాడు, లోపలికి వెళ్ళి షావుకారుతో మాట్లాడొచ్చాడు. సరేనన్నాడు. తువ్వాలు తీయబోతే నతానియేలు వద్దన్నాడు. అందరి వైపూ తిరిగి గట్టిగా, "వందకి నాలుగున్నర పదులు. పైకే అడుగుతున్నాను. అందరికీ సమ్మతమేనా?" అన్నాడు. సమ్మతమే అని అరిచారు. పట్టపగలు, తువ్వాలు లేకుండా, గుమస్తా చేతిలో చెయ్యి వేశాడు.

అంటే ప్రెసిడెంటు వాడే. నన్ను తీసేశామని ఎవరూ అనలేదు, నేనూ అడగలేదు. ఒక ముసలాయన మాత్రం భుజం మీద చెయ్యి వేసి "మోకాలు చూపించుకోండి తాతారావు గారూ" అన్నాడు. మర్యాదగా సాగనంపడం కూడా మా వైపు బాగానే వచ్చు.

కూలి నిలబడింది. అది చాలు. చాలనే రాసుకోవాలి. ఇంటికొచ్చి మేకు మీది దండ తీశాను. పూలన్నీ రాలిపోయి దారమే చేతికొచ్చింది.

జూలై 25, శుక్రవారం

గేటు దగ్గరికి వెళ్ళాను. ఈసారి కుర్చీ వేయమని ఎవరూ అనలేదు. పట్టా అంచున, సగం తడుస్తూ నిలబడ్డాను. సమ్మె విరగలేదు, తగ్గారు మాత్రం. రమణ గారి మాట విని కొందరు పనిలోకి వెళ్ళిపోయారట. అది నా పుణ్యమే.

రమణ గారు కారు దిగగానే అడ్డం వెళ్ళాను. "కిందటి వారం గురువారం నాడు తవరికి ఇచ్చిన చెయ్యి నాది. వీళ్ళది కాదు. వీళ్ళు నన్ను పంపలేదు, నేను అడగలేదు. వెనక్కి తీసుకుంటున్నానండి" అన్నాను.

"తువ్వాలు కింద ఇచ్చిన చెయ్యండీ!" అన్నాడు, నలుగురూ వినాలని. "గోదారి జిల్లాలో ఇలాంటి మనిషిని చూడలేదండి నేను. పెద్దమనిషి అనుకున్నాను."

"నేనూ అలాగే అనుకున్నానండి" అన్నాను.

వెనకనుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. రమణ గారు లోపలికి వెళ్ళిపోయాడు. చప్పట్లు ఏమీ లేవు. ఎవరూ నాతో మాట్లాడలేదు. కాసేపటికి బేబి వచ్చి "టీ తాగి వెళ్ళండి" అని గ్లాసిచ్చింది. రెండు చేతులతో పట్టుకుని ఇచ్చింది. ఇప్పుడు ఎందుకో తెలుసు.

మధ్యాహ్నం పనిలోకి వెళ్ళినవాళ్ళలో కొందరు బేసిన్లు బోర్లించి మళ్ళీ బయటికొచ్చారు.

జూలై 26, శనివారం

ముసురు. చెరువుల్లో గాలి అందక రొయ్య పైకి తేలిపోతోందని రైతులు ముందే పట్టేస్తున్నారట. లారీలు షెడ్డు ముందు వరస కట్టాయి. ఐసు కరిగి రోడ్డు మీదికి కారుతోంది. కొబ్బరికాయ నాలుగు రోజులాగుతుంది. రొయ్య ఒక్క పూట ఆగదు.

జూలై 28, సోమవారం

తేలిపోయింది. నేను లోపల లేను, గేటు దగ్గర వాళ్ళ గొడుగులు పట్టుకుని నిలబడ్డాను. షెడ్డు గది కిటికీ తెరిచే ఉంది కాబట్టి కొంత చూశాను, మిగతాది వీరమ్మ గారు చెప్పారు.

కంపెనీ మేనేజరు వచ్చాడు, రమణ గారు పక్కన కూర్చున్నాడు. ఇటు బేబి, వీరమ్మ గారు, ఇంకో ముగ్గురు. రమణ గారికి ఏం బుద్ధి పుట్టిందో, నవ్వుతూ, "మీ మొగుళ్ళ పద్ధతిలోనే తేల్చుకుందామా?" అని భుజం మీది తువ్వాలు తీసి బల్ల మీద పరిచాడు. వీరమ్మ గారు ఆ తువ్వాలు తీసుకున్నారు. అప్పటిదాకా వానలో ఉన్నారేమో, దాంతో చేతులు తుడుచుకున్నారు. పక్కావిడకి ఇచ్చారు. ఆవిడా తుడుచుకుంది. అయిదుగురూ తుడుచుకున్నాక చక్కగా మడతపెట్టి "ఇదిగోండి బాబూ" అని తిరిగిచ్చేశారు.

తర్వాత చేతులు బల్ల మీద పెట్టారట. అందరూ, అరచేతులు పైకి. మేనేజరు కుర్రాడు, కొత్తగా వచ్చాడు, కాసేపు చూసి మొహం తిప్పుకున్నాడట. బేబి ఒక్కొక్కటే పైకి చెప్పింది. వేడినీళ్ళు. గ్లవుజులు. స్టూళ్ళు. బాత్రూముకి అడక్కుండా వెళ్ళడం. వీరమ్మ గారికి పని, చన్నీళ్ళు తగలని చోట. బయట లారీవాళ్ళు హారన్లు కొడుతూనే ఉన్నారు. నేను గొడుగులు పట్టుకుని ఆ హారన్లు వింటుంటే, జన్మలో మొదటిసారి లారీ హారను వినసొంపుగా ఉంది.

అన్నీ ఒప్పుకున్నారు. రేటు మాత్రం మూడు.

నేను నాలుగు తెచ్చాను. రాయకుండా ఉండలేకపోతున్నాను, నేను నాలుగు తెచ్చాను. ఇంటికొచ్చే దారిలో ఆటోలో ఆ మాట నోటి దాకా వచ్చింది. బేబి నా మొహం చూసి, "ఒక వేలు మేం నీళ్ళకి ఇచ్చేమండి" అంది.

జూలై 29, మంగళవారం

వ్యాను వచ్చింది. బేబి వెళ్ళింది. డ్రమ్ము పెట్టారట. వంట నేను చేశాను, ఉప్పు మరిచిపోయాను.

జూలై 31, గురువారం

అంబాజీపేటలో వలుపు. నతానియేలు నాకు నీడ ఉన్న చోట గునపం పాతి ఉంచాడు. "ఎలా ఉన్నారు బాబాయ్" అన్నాడు. ప్రెసిడెంటు గారూ అని నేను పిలిస్తే సిగ్గుపడ్డాడు. ఐ.పోలవరం వైపు ఐసు ఫ్యాక్టరీ కూలీలు తమ గొడవ మాట్లాడ్డానికి ఎవరినైనా రమ్మన్నారట, ఎవరు వెళ్తారు అని ఎవరో అడిగారు. ఎవరూ నా వైపు చూడలేదు. కొంచెం బాధ, కొంచెం హాయి. రెండోదే ఎక్కువనుకుంటాను.

వీరమ్మ గారిని పంపించమన్నాను.

ఆగస్టు 3, ఆదివారం

వాన తెరిపిచ్చింది. సాయంత్రం ఇద్దరం గుమ్మంలో కూర్చున్నాం. అమలాపురం డాక్టరు గారు బేబికి నూనె రాసుకోమన్నారు, చన్నీళ్ళు ముట్టుకోవద్దన్నారు, స్పర్శ రావడానికి నెలలు పట్టొచ్చన్నారు. అసలు వస్తుందా అని అడిగితే, చూద్దామన్నారు. నూనె నేను రాస్తున్నాను. పగుళ్ళు కొంచెం కూడుకుంటున్నాయి.

బేబి వీధిలోకి చూస్తూ కబుర్లు చెబుతోంది. చాలా రోజులకి. స్టూళ్ళు రెండు పొట్టిగా ఉన్నాయట, అందరూ పొడుగు వాటి కోసం పోట్లాడుకుంటున్నారట. మేస్త్రీ కూడా డ్రమ్ములో చేతులు పెట్టుకుంటున్నాడట. చెబుతూ నవ్వింది.

నూనె రాయడం అయిపోయింది. నేను చెయ్యి వదల్లేదు. అలవాటు చొప్పున నాలుగు వేళ్ళు పట్టుకున్నాను, తర్వాత బొటనవేలూ కలిపి మొత్తం పట్టుకున్నాను. పైన తువ్వాలు లేదు, వీధిలో వెళ్ళేవాళ్ళు చూస్తున్నారు. నొక్కాను. ఆవిడ కబుర్లు ఆగలేదు. ఇంకొంచెం గట్టిగా నొక్కాను. స్టూళ్ళ సంగతే చెబుతోంది.

చాలాసేపటికి ఇటు తిరిగి, చూసుకుంది.

"పట్టుకున్నారా? ఎంతసేపైందండి?" అంది.

"ఇప్పుడే" అన్నాను.